ఎనిమిది గంటల దయ్యం

ఫసలీ పదమూడు వందల యాభై మూడో సంవత్సరంలో ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు రెండు తూములుండేవి. మొదటి తూమును మడులకు నీళ్ళు వదిలే నీరడి బుగ్గయ్య తెరిచేవాడు. రెండో తూమును దయ్యం తెరిచేది. ఇది ఊరి పుకారు కాదు. పంచనామా జరిగి, పెద్దమనుషులు సంతకాలు పెట్టి, రెవెన్యూ గిర్దావరు ముద్ర వేసి, తహశీలు కచేరీలో దాఖలైన సంగతి. దయ్యం వేలిముద్ర దొరకలేదు గనుక దాని తరఫున బుగ్గయ్యే వేలిముద్ర వేశాడు.

దయ్యాలు అంతకుముందు ఊళ్ళో లేవని కాదు. ఉండేవి, కానీ వాటికొక వేళా పాళా ఉండేది కాదు. ఎవరిని పడితే వారిని పట్టుకునేవి, వేపమండలతో నాలుగు దెబ్బలు తిని వెళ్ళిపోయేవి. సర్కారు వాటిని పట్టించుకునేది కాదు. చావడికి రేడియో వచ్చాకే వాటికొక హోదా, ఒక వారం, ఒక గంట ఏర్పడ్డాయి.

రేడియో సర్కారువారి మెహర్బానీ. అవి యుద్ధపు రోజులు. బియ్యం దొరకదు, కిరసనాయిలు దొరకదు, కట్టుకోను గుడ్డ దొరకదు. ఇవన్నీ ఎందుకు దొరకవో విడమరిచి చెప్పే పెట్టె మాత్రం దొరికింది. చావడి ముందు వెదురు గడ నాటి తీగ లాగారు. ఆ పెట్టెను నడిపే బాధ్యత మదర్సాలో పాఠాలు చెప్పే అహ్మద్ అలీకి అప్పగించారు. పెట్టె ఉర్దూలో మాట్లాడేది, అర్థం కానివాళ్ళకు ఆయన తెలుగులో చెప్పేవాడు. దానితోపాటే ఒక హుకుం వచ్చింది. బ్యాటరీలకు కరువు గనుక చావడి గడియారం ఎనిమిది కొట్టగానే రేడియో ఆపాలి. ఆపకపోతే నడిపేవాడి నౌకరీ పోతుంది.

ప్రతి గురువారం సాయంత్రం అపరాధ పరిశోధకుడు జాసూసు సాహెబు నాటకం వచ్చేది. విలాయతు పాతకథలను ఉర్దూలోకి దింపి, గాలి హోరు, తలుపు కిర్రుమనడం, ఆడమనిషి ఏడుపు కలిపి వినిపించేవారు. ఎక్కడో పాడుబడిన హవేలీలో దయ్యం తిరుగుతుంది. ఒక ప్రాణం పోతుంది. జాసూసు సాహెబు వచ్చి తఫ్తీషు, అంటే దర్యాప్తు, చేస్తాడు. నాటకం ఏడున్నరకు మొదలై ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. చదువరులు తెలివైనవారు, చివరి అరగంట ఏమైందని అడుగుతారు. ఇబ్రహీంపట్నంలో ఎవరూ అడగలేదు. హుకుం ముందు అరగంట ఎంతపాటిది?

మొదటి గురువారం ఇలా జరిగింది. గదిలో నవాబుగారు చచ్చి పడి ఉన్నాడు. తలుపుకు లోపలినుంచి గడియ. కిటికీ అవతల తెల్లచీర. జాసూసు సాహెబు భూతద్దం పట్టుకుని నేలంతా వెతికి, "ఇప్పుడు నాకంతా అర్థమైంది" అన్నాడు. గడియారం ఎనిమిది కొట్టింది. అహ్మద్ అలీ పెట్టె చెవి మెలేశాడు.

"అయితే ఎవలు సంపిండ్రు?" అని ముందు వరసలోంచి కాశమ్మ అడిగింది. కాశమ్మ బుగ్గయ్యకు అక్క. మొగుడు పోయాక చెరువు కింద ఆఖరి మడి ఒక్కదాన్నే నమ్ముకుని బతుకుతోంది.

జవాబు చెప్పడానికి మాలీ పటేలు హన్మంతరావు లేచాడు. ఊరి శిస్తు, చెరువు, నీళ్ళు ఆయన చేతిలో ఉండేవి. నాటకం మొదలవగానే కుర్చీలో కునుకు తీయడం, గడియారం గంట విని మేలుకుని తీర్పు చెప్పడం ఆయనకు ఆ రోజే అలవాటైంది.

"రయ్యతులారా! సర్కారు రేడియో అబద్ధం జెప్పదు. తెల్లచీర అగుపడ్డది. ఏడుపు ఇనబడ్డది. తలుపు లోపలికెల్లి గడియేసి ఉన్నది. ఇగ మనిషే జేసిండు అనెటోడు సర్కారుకు ఎదురు మాట్లాడినట్టే. దయ్యమే జేసింది. తఫ్తీషు ఖతం!"

జనం ఔనౌనన్నారు. అలా పదకొండు గురువారాల్లో పదకొండు దయ్యాలకు ఇబ్రహీంపట్నం చావడిలో శిక్ష పడింది. నాటకం అయ్యాక ఎవరూ అరుగుల మీద ఆగేవారు కాదు. చెప్పులు చేతబట్టుకుని ఇళ్ళకు పరిగెత్తి తలుపులు బిడాయించుకునేవారు. రేడియో పుణ్యమా అని ఊరు పెందలాడే నిద్రపోవడం నేర్చిందని గిర్దావరు మెచ్చుకున్నాడు.

విద్య వచ్చాక ఊరుకోలేరు గదా. ఊళ్ళో నడిచే ప్రతివాడూ జాసూసే అయ్యాడు. బుగ్గయ్య పగిలిన లాంతరు గాజుముక్క ఒకటి సంపాదించి చెరువు గట్టున పీతల అడుగుజాడలు పరిశీలించసాగాడు. సిద్దమ్మ మేక తప్పిపోతే పదిమంది తఫ్తీషు చేసి, పెండలో మేక గిట్టల పక్కన మనిషి అడుగులు కనపడినా, రేడియో సంప్రదాయం ప్రకారం దయ్యమే తిన్నదని తేల్చారు. పటేలుగారి పెరటి వెనక ఎముకలు దొరికాయి. ఉప్పూ కారమూ అల్లమూ దట్టించి వండుకునే దయ్యం తమ ఊరికే దొరికినందుకు కొందరు గర్వపడ్డారు కూడా. సిద్దమ్మ మాత్రం రెండు రోజులు ఏడ్చింది.

అప్పుడే రెండో తూము సంగతి మొదలైంది. ఈ తూము నీళ్ళు పాత కాలువలో పడతాయి. పాత కాలువ కింద వరి లేదు, పటేలుగారి ఖుష్కి చెలక మాత్రం ఉంది. ఖుష్కి అంటే చెరువు నీళ్ళకు హక్కులేని మెట్టభూమి. ఆ ఏడు దేవుడి దయవల్ల అందులో చెరుకు మొలిచింది, వాన లేకుండానే రెండాళ్ళ ఎత్తు పెరిగింది. ప్రతి శుక్రవారం పొద్దున రెండో తూము తెరిచి కనపడేది. చెరువులో గుర్తురాయి దగ్గర నీళ్ళు జానెడు దిగి ఉండేవి. గురువారం సాయంత్రం బుగ్గయ్య తూము కర్ర బిగించి చావడికి వచ్చేవాడు. రాక తప్పదు, టముకు వేయించి ఊరంతా రేడియో వినాలని పటేలు తాకీదు. ఒక్క జీతగాడు ఎల్లాకు మాత్రం చెవుడనే కారణం చేత మినహాయింపు ఉండేది. ఎల్లా పటేలుగారి దగ్గరే పనిచేసేవాడు గనుక చెవుడు సంగతి పటేలుకే ముందు తెలిసింది.

నాటకం విన్నాక బుగ్గయ్య చెరువు గట్టుకు వెళ్ళేవాడు కాదు. తెల్లచీరలూ ఏడుపులూ విని, చీకట్లో గట్టెక్కే ధైర్యం ఎవరికుంటుంది? తెల్లారాక పాత కాలువలో తడి వెంబడి వెళ్ళి, చెరుకు కంచె దాకా చూసి, అక్కడినుంచి వెనక్కి తిరిగేవాడు. తడి ఎక్కడికి పోయిందో నీరడికి తెలియక కాదు. తెలిసినదాన్ని తెలియనట్టు అట్టిపెట్టుకోవడం నీరడి పనిలో సగం. ఆ పని మీదే అతని తాత బతికాడు, తండ్రి బతికాడు, పనికి ఇచ్చిన ఇనాం చెలక మీదే ఇప్పుడు తన పిల్లలూ బతుకుతున్నారు.

గిర్దావరు వచ్చి పంచనామా పెట్టాడు. "తూము నువ్వన్న తెరువాలె, దయ్యమన్న తెరువాలె. ఏది రాయమంటవ్?" అని పటేలు దయగా అడిగాడు. బుగ్గయ్య దయ్యాన్ని ఎంచుకున్నాడు. దయ్యం శాంతించాలని కింది మడులవాళ్ళు గురువారానికొక కోడిపుంజును తూము దగ్గర కట్టేయాలని తీర్మానం అయింది. దయ్యం ఆ కోళ్ళను కూడా అల్లంతోనే తిన్నట్టు ఊళ్ళో వాసన వచ్చింది.

ఒకరోజు కాశమ్మ తమ్ముణ్ణి వెతుక్కుంటూ గట్టు మీదికి వచ్చింది.

"తమ్మీ, నా వరి పొట్టకొచ్చింది. రెండు తడులు అందితే గింజ, అందకపోతే తాలు. నీళ్ళు నా మడిదాక వస్తలెవ్వు."

"నేనేం జెయ్యనే అక్కా? దయ్యం జేస్తుంది."

"దయ్యానికి చెరుకెందుకురా?"

బుగ్గయ్య చేతిలో గాజుముక్కను తుడుస్తూ నిలబడ్డాడు.

రేడియోకు రెండు బ్యాటరీలుండేవి. ఒకటి చావడిలో పనిచేస్తుంటే రెండోది పట్నంలో చార్జి కావాలి. మోసే పని నీరడిది. పన్నెండో గురువారం బుగ్గయ్య బ్యాటరీ నెత్తిన పెట్టుకుని బయలుదేరాడు. మన్నెగూడ చేరేసరికి అందులోని ఆసిడు కారి గొంగడికి గుప్పెడంత చిల్లు పడింది. పట్నంలో బ్యాటరీ దించితే, పొద్దున రమ్మన్నారు. పొద్దుపోయేదాకా తిరిగి తిరిగి ఒక చాయ్ హోటల్లో కూలబడ్డాడు. అక్కడా రేడియో ఉంది. అక్కడా జాసూసు సాహెబే. ఇన్ని వారాలు విని విని ఆ ఉర్దూ బుగ్గయ్యకు కొంత పట్టుబడింది.

హవేలీలో ఒక ముసలామె చచ్చింది. వాకిట్లో గొలుసుల చప్పుడు. జాసూసు సాహెబు, "ఇప్పుడు నాకంతా అర్థమైంది" అన్నాడు. గోడ గడియారం ఎనిమిది కొట్టింది. బుగ్గయ్య గొంగడి దులిపి లేచి, తీర్పు చెప్పే పెద్దమనిషి కోసం నాలుగు దిక్కులా చూశాడు. ఎవరూ లేవలేదు. రేడియో ఆపడం మరిచిపోయారు కాబోలు, వీళ్ళ నౌకరీ పోతుందని అతను బెంగపడ్డాడు. ఆపమని చెప్పబోయేంతలో జాసూసు సాహెబు వాకిట్లో పిండి చల్లించాడు. గొలుసులు చప్పుడు చేస్తూ వచ్చాయి. పిండిలో చెప్పుల జాడ పడింది. జాసూసు ఒక్క ఉదుటున దయ్యం ముసుగు లాగాడు. లోపల ముసలామె ఆస్తికి వారసుడైన మరిది ఉన్నాడు.

"భాయ్, దయ్యమేమాయె?" అని బుగ్గయ్య చాయ్ తెచ్చిన అమానుల్లాను అడిగాడు.

"కాహేకా దయ్యం?" అని అమానుల్లా నవ్వాడు. "దయ్యం ఎన్నడుండె గనక? హర్ హఫ్తా గిదే కిస్సా. దయ్యంతోని ఎవనికి ఫాయిదానో, గాడే దయ్యం. ఏం, కొత్తగ ఇంటున్నవా?"

పన్నెండు వారాలనుంచి వింటున్నానని చెప్పడానికి బుగ్గయ్యకు మొహం చెల్లలేదు. ఏ పాపమూ ఎరగని పదకొండు దయ్యాలు ఒక్కటొక్కటే గుర్తుకొచ్చాయి. వాటికి తోడు తూము దయ్యం మీద తను వేలిముద్ర కూడా వేశాడు. చాయ్ చల్లారిపోయింది.

ఊరు చేరగానే ఇంటికి కూడా వెళ్ళకుండా సంగతంతా అక్కకు చెప్పాడు. కాశమ్మ ఆశ్చర్యపోలేదు. "గీ ముచ్చట తెలుసుకుంటందుకు పట్నం దాక పోయినవా?" అంది. మళ్ళీ తనే, "నాకెర్కే, నీకెర్కే. గని ఊరినాలె. మనం జెప్తే ఎవడింటడు? రేడియో నోటితోనే ఇనాలె" అంది.

ఇద్దరూ అహ్మద్ అలీ దగ్గరికి వెళ్ళారు. ఆయన అంతా విన్నాడు. "ఆ అరగంట ఉన్నదని నాకు మొదటిరోజే ఎరుక" అన్నాడు. "ప్రతి బేస్తారం మనసొప్పకనే పెట్టె చెవి తిప్పుత. గని పెండ్లాం పిల్లలున్నోణ్ణి. హుకుం మీరరాదు."

"హుకుంల ఏమున్నది మాస్టర్ సాబ్?" అని కాశమ్మ అడిగింది.

"చావడి గడియారం ఎనిమిది కొడితే ఆపాలె అని ఉన్నది."

"కొట్టకపోతే?"

అహ్మద్ అలీ ముప్పై ఏళ్ళుగా పిల్లలకు గడియారం చూడటం నేర్పుతున్నాడు. పై గురువారం మధ్యాహ్నం చావడిలో ఎవరూ లేనప్పుడు స్టూలెక్కి, బిస్మిల్లా అనుకుని, ముల్లును అరగంట వెనక్కి జరిపాడు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క నేరం అది.

ఆ సాయంత్రం ఊరు మొదటిసారి కథ మొత్తం వింది. ఒక దొరగారి గడీలో ధాన్యం మాయమవుతోంది, కొట్టు దగ్గర పిల్లవాడి ఏడుపు వినిపిస్తోంది. పటేలు ఎప్పటిలాగే గడియారం గంట కోసం కునుకుతున్నాడు. గంట కొట్టలేదు. జాసూసు సాహెబు బూడిద చల్లాడు, అడుగులు కొలిచాడు, చివరికి దొరగారి చెయ్యే పట్టుకున్నాడు. అహ్మద్ అలీ ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు. "అందరూ కూడిన వేళ ఎవరు లేరో చూడండి" అని జాసూసు ఎవరితోనో అన్నాడు. నాటకం ముగిసింది, బాజా మోగింది.

కాశమ్మ లేచింది. "ఇన్నరుగద. ఇప్పుడు ఈడ ఎవలు లేరో సూడుండ్రి."

అందరూ అటూ ఇటూ చూశారు. ఎల్లా ఒక్కడు లేడు. కథ చివరిదాకా విన్న జనానికి ఆ రోజు చీకటంటే భయం వేయలేదు. లాంతర్లు పట్టుకుని గట్టెక్కారు. రెండో తూము తెరిచి ఉంది. బుగ్గయ్య ముందు నడుస్తుండగా పాత కాలువ వెంబడి వెళ్ళి, ఇన్నాళ్ళూ అతను ఆగిపోయిన కంచె దాటారు. చెరుకులో మోకాటి లోతు నీళ్ళల్లో ఎల్లా పారతో మడవ తిప్పుతున్నాడు.

"ఓ ఎల్లా!" అని కాశమ్మ వెనకనుంచి మామూలుగా పిలిచింది.

"ఆఁ" అని చెవిటి ఎల్లా తిరిగి చూశాడు.

బుగ్గయ్యకు గుండె నిండిపోయింది. అక్క మడి బతికిందనుకున్నాడు. ఊరంతా చూసింది, ఇంక ఎవరు కాదంటారనుకున్నాడు. అంతలో నిద్రలేచిన పటేలు ఆయాసపడుతూ వచ్చాడు. నీళ్ళు చూశాడు, పార చూశాడు, ఎల్లాను చూశాడు, జనాన్ని చూశాడు. ఆయన గొప్ప వక్త అని మీకు ముందే తెలుసు.

"రయ్యతులారా! నేనేం జెప్పిన్నో గదే అయింది. ఇన్నొద్దులు తూము కాడ తిరిగిన దయ్యం ఇయ్యాల నా జీతగాన్నే పట్టింది! చెవిటోనికి చెవులొచ్చినయంటే ఇంతకన్న రుజువేం గావాలె? ఊరి కోసం గింత కష్టపడుతున్ననని నా మీద పగ బట్టి, నా చెరుకునే ముంచుతుంది. నాకొచ్చిన నష్టం నేను భరిస్త. మీరు ఫికర్ జెయ్యకుండ్రి. ఇండ్లకు పోండ్రి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చదువరులారా, నిజం చెప్పాలంటే వాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. ఎల్లా మనిషైతే, ఎవరి కోసం తెరిచాడని అడగాలి. అడిగితే జవాబు వినాలి. విన్నాక పొద్దున లేచి అదే పటేలు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. దయ్యమైతే ఈ బాధేమీ లేదు, ఒక కోడిపుంజుతో పోతుంది. ఒకడు వేపమండ విరుచుకొచ్చాడు. ఎల్లాను నలుగురు పట్టుకుని నాలుగు వాయించారు. దయ్యం కెవ్వుమంది.

మర్నాడు గిర్దావరు మళ్ళీ పంచనామా పెట్టాడు. బుగ్గయ్య బొటనవేలికి సిరా పూశారు. ఎదురుగా కాశమ్మ నిలబడి ఉంది. "ఎల్లా తెరిచిండు, పటేలు కోసం తెరిచిండు" అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. పటేలు ముందుకు వంగి, "బుగ్గయ్యా, నీ తాత నీరడి, నీ అయ్య నీరడి. రేపు నీ కొడుకు గూడ నీరడే కావాలె గద?" అని నెమ్మదిగా అన్నాడు. బుగ్గయ్య కాగితం మీద వేలు నొక్కాడు. సిరా అంటిన వేలు పిడికిట్లో దాచుకుని బయటికి నడిచాడు.

బయట అక్క కాళ్ళ దగ్గర కూలబడితే ఆమె తిట్టలేదు. "గా జాసూసుదేం పోయిందిరా" అంది. "దొంగను పట్టి మర్నాడు రైలెక్కి పోతడు. నువ్వు గీ ఊర్లనే ఉండాలె." అది ఓదార్పో ఎత్తిపొడుపో బుగ్గయ్యకు ఇప్పటికీ తెలియదు.

పై గురువారం టముకు మోగినా కాశమ్మ చావడికి రాలేదు. కొడవలి ఒళ్ళో పెట్టుకుని రెండో తూము మీద కూర్చుంది. ఎల్లా వచ్చాడు, దూరంనుంచే కొడవలి చూశాడు, దయ్యం అక్కడికక్కడే దిగిపోగా ఇంటికెళ్ళి పడుకున్నాడు. ఆ పైవారమూ అంతే. ఆలస్యంగానైనా నీళ్ళు ఆఖరి మడికి చేరాయి. వరి సగం తాలు పోయింది, సగం గింజ పట్టింది.

దయ్యం శాంతించిన వైనం పై అధికారులకు చేరింది. కోడిపుంజుల పద్ధతిని కనిపెట్టినందుకు పటేలుకు శాలువా కప్పారు. గడియారం చూడటం రానందుకు అహ్మద్ అలీని రేడియో పనినుంచి తప్పించారు. చివరి అరగంట వింటే గుండెలు అదురుతున్నాయనీ, ఎప్పటిలాగే ఎనిమిదికే ఆపించాలనీ ఊరంతా కలిసి అర్జీ పెట్టుకుంది. సర్కారు వెంటనే మంజూరు చేసిన అర్జీ ఆ ఊరి చరిత్రలో అదొక్కటే.

తోడుగా ఒక్కరైనా రమ్మని కాశమ్మ గడపగడపకూ తిరిగి అడిగింది. అందరూ తప్పకుండా వస్తామన్నారు, నాటకం అయ్యాక. బుగ్గయ్య చావడి వాకిట్లో, గట్టు మీది అక్క లాంతరు కనిపించేచోట కూర్చుని జాసూసు సాహెబు మాటలు వింటూనే ఉన్నాడు. ఇంతసేపూ కదలకుండా ఈ కథ విన్న మీరూ, న్యాయంగా చూస్తే, ఆ గట్టు మీద లేరు. బుగ్గయ్య పక్కన ఇంకా చోటుంది. కాస్త సర్దుకుని కూర్చోండి, ఎనిమిది కొట్టబోతోంది.